గుడ్లు పెట్టే గెక్కోకు ఇల్లు: ఓరుగల్లు ఎండకు తగ్గట్టు

బల్లి జాతికి చెందిన గెక్కోల పెంపకం మీద ఇంగ్లిష్‌లో దొరికే వీడియోలు చాలావరకు చలి దేశాలవాళ్లు చేసినవి. పెట్టెను వెచ్చగా ఎట్లా ఉంచాలన్నదే వాళ్ల బాధంతా. హన్మకొండలో, కాజీపేటలో, జగిత్యాలలో లెక్క తిరగబడుతుంది. మే నెలలో 42 నుంచి 45 డిగ్రీల ఎండ, రాత్రి పదకొండు దాటినా సెగ కక్కే స్లాబు. ఇక్కడ వేడి ఎక్కించడం ఎవరికైనా చేతనవుతుంది, దించడమే పని. అందులోనూ గుడ్లు పొదిగించాలంటే గూడు ఎంత బాగా కట్టారన్న దానికంటే ఏ నెలలో జత కలిపారన్నదే ఎక్కువ తేలుస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో గాజు పెట్టె గురించి ఎంత ఉందో క్యాలెండర్ గురించి కూడా అంత ఉంటుంది.

ఏ గెక్కో, చట్టం ఏమంటుంది

ఇక్కడ చెప్పేదంతా ఆఫ్రికన్ ఫ్యాట్ టెయిల్డ్ గెక్కో గురించి. సెనెగల్ నుంచి ఉత్తర కామెరూన్ దాకా పశ్చిమాఫ్రికా గడ్డినేలల్లో బతికే జీవి ఇది. శాస్త్రీయ నామం హెమిథెకోనిక్స్ కాడిసింక్టస్. పెద్దయ్యాక 18 నుంచి 23 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మన గోడ మీది బల్లికి లేని కనురెప్పలు దీనికి ఉంటాయి. గోడ బల్లి వేళ్ల కింద ఉండే అతుక్కునే మెత్తలు దీనికి ఉండవు. కాబట్టి గాజు ఎక్కలేదు, దీనికి ఎత్తు పెట్టె కన్నా వెడల్పు పెట్టె కావాలి. పగలంతా దాక్కుని రాత్రి తిరుగుతుంది. లావు తోకలో కొవ్వు దాచుకుంటుంది, బెదిరితే ఆ తోకనే వదిలేస్తుంది.

లెపర్డ్ గెక్కోను ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. పెంపకంలో రెండూ దగ్గరదగ్గరే. కానీ లెపర్డ్ గెక్కో సొంత నేలల్లో మన దేశపు వాయవ్య ప్రాంతం కూడా ఉంది, దాని చుట్టాలు మన తూర్పు కనుమల్లోనే ఉన్నాయి. దేశంలో అడవిలో పుట్టే జాతిని ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో తలనొప్పి. శేషాచలం కొండల బంగారు బల్లి అయితే పులి ఉన్న షెడ్యూల్ 1లోనే ఉంది. కాబట్టి అడవిలో కనిపించిన ఏ బల్లినీ ముట్టుకోవద్దు. విదేశీ జాతులకు కూడా కాగితాలు ఉన్నాయి. 2022 సవరణ తర్వాత షెడ్యూల్ 4లో చేరిన విదేశీ జీవులు ఎవరి దగ్గర ఉన్నా సెక్షన్ 49ఎం కింద తెలియజేయాలి. అవి చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా అంతే. 2024 నిబంధనల ప్రకారం ఆ నమోదు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ 2.0 పోర్టల్‌లో జరుగుతుంది. కొనే ముందు జాతి శాస్త్రీయ నామం కాగితం మీద రాసుకుని జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో ప్రస్తుత జాబితా చూపించమని అడగండి. అమ్మేవాళ్ల దగ్గర బిల్లు, ఇంట్లో పుట్టిన పిల్ల అన్న రాత తీసుకోండి. రెండూ ఇవ్వనివాళ్ల దగ్గర ఎంత తక్కువకు వచ్చినా కొనొద్దు.

ఆడ గెక్కో గుడ్లకు సిద్ధంగా ఉందా

వంటింటి డిజిటల్ తూకం మీద చిన్న డబ్బా పెట్టి తూచండి. 50 గ్రాములు దాటాలి, వయసు ఏడాదిన్నర నిండాలి, తోక మెడ కన్నా లావుగా ఉండాలి. 40 గ్రాములకే జత కట్టిస్తామనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాట వినొద్దు. ఒక్కో ఈతకు రెండు గుడ్లే అయినా ఒక్క కాలంలో నాలుగైదు ఈతలు రావచ్చు. ఆ పెంకులకు కావాల్సిన సున్నపు ధాతువు (కాల్షియం) తిండిలో చాలకపోతే తల్లి ఎముకల నుంచే పోతుంది. ఇంకో సంగతి, మగది లేకపోయినా ఆడది ఉత్త గుడ్లు పెట్టొచ్చు. కాబట్టి పిల్లలు వద్దనుకున్నా, ఆడ గెక్కో ఇంట్లో ఉంటే కింద చెప్పే గుడ్ల డబ్బా మాత్రం పెట్టాల్సిందే.

మగదాన్ని గుర్తించడానికి తోక మొదట్లో చూడాలి. అక్కడ రెండు ఉబ్బులు, వాటి పైన తలకిందులైన వి ఆకారంలో చుక్కల వరుస కనిపిస్తాయి. రెండు మగవాటిని ఒకే పెట్టెలో వేయొద్దు, కరుచుకుని చస్తాయి.

పెట్టె ఎక్కడ పెట్టాలి

ఇంట్లో అన్నింటికన్నా చల్లగా ఉండే గది వెతకండి. పై అంతస్తు ఉంటే కింది గది, పడమటి గోడ తగలని గది. పాత పెంకుటిళ్లలో నడిమి గది దీనికి బంగారం లాంటి చోటు. కొత్త అపార్టుమెంట్లలో స్లాబు కింది ఆఖరి అంతస్తు అయితే ఏప్రిల్ నుంచి మళ్లీ వానలు పడేదాకా కూలర్ నడిచే గది తప్ప గతి లేదు. కూలర్ ఉన్న గదిలో తేమ కూడా పెరుగుతుంది కాబట్టి ఈ జీవికి అది మేలే. కూలర్ గాలి సూటిగా గాజుకు కొట్టకుండా చూడండి.

దేవుడి గది, వంటిల్లు వద్దు. అగరుబత్తి పొగ, దోమల లిక్విడ్, కాయిల్, గోడ మూలల చీమల చాక్‌పీసు, ఇవన్నీ పెట్టె ఉన్న గదిలోకి రాకూడదు. దోమలకూ చీమలకూ వాడే మందుల్లో పురుగును చంపేది చిన్న సరీసృపానికీ విషమే. మరి చీమలు? పెట్టె ఉన్న బల్ల నాలుగు కాళ్ల కింద నాలుగు పళ్లాలు పెట్టి నీళ్లు పోయండి. బెల్లం డబ్బాకు మన అమ్మమ్మలు చేసిందే. బల్ల గోడకు ఆనకూడదు, వైరు కూడా గోడ నుంచి సూటిగా రాకుండా కిందికి వేలాడి రావాలి, లేకపోతే గండుచీమలు దాని మీదుగా వస్తాయి. గుడ్లు, అప్పుడే పుట్టిన పిల్లలు చీమల నోట్లో పడితే ఒక్క రాత్రిలో ఖాళీ.

ఇంట్లో పెద్దవాళ్లు బల్లిని ఇంట్లోకి తేవద్దని అంటారు. బల్లిపాటు శాస్త్రం మీద పడ్డ బల్లి గురించే చెప్తుందని, ఇది గోడ ఎక్కదని, పడదని చెప్పి చూడండి. కొన్నిసార్లు పనిచేస్తుంది.

పెట్టె కట్టడం

ఒక్క పెద్ద గెక్కోకు 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు చాలు. అక్వేరియం కట్టేవాళ్లకు 5 మిల్లీమీటర్ల గాజుతో, ముందు జరిగే తలుపులతో చేయమని చెప్పండి. పైనుంచి చెయ్యి దించితే ఈ జీవులు గద్ద అనుకుని బెదురుతాయి. ముందు తలుపు ఉంటే ఆ గొడవ లేదు. ఒక పక్క గోడలో కింది భాగాన, రెండో పక్క పై భాగాన స్టీలు జాలీ పెట్టించండి. గాలి ఒక వైపు నుంచి ఎక్కి రెండో వైపు నుంచి పోతుంది. మూత మొత్తం జాలీ అయితే మన ఎండాకాలపు పొడిగాలికి లోపలి తేమ గంటలో ఆవిరవుతుంది. సిలికాన్ పూశాక పులుపు వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు రోజులు తలుపులు తెరిచే ఉంచండి.

వేడి, చల్లదనం

వెచ్చని మూలలో బండ పైభాగం 32 డిగ్రీలు, చల్లని మూల 25 నుంచి 27, రాత్రి 22కి తగ్గకుండా. ఇవి గుర్తుంటే చాలు. గదిలో వేలాడే థర్మామీటర్‌ను నమ్మొద్దు, పెట్టెలో రెండు వైపులా ప్రోబ్ (వైరు చివర వేడిని కొలిచే మొన) ఉన్న డిజిటల్‌వి పెట్టండి.

వెచ్చని మూలకు శాబాదు బండ ముక్క ఒకటి, చేతివెడల్పుది, ఫ్లోరింగ్ రాళ్లు అమ్మే చోట తెచ్చుకోండి. వేడిని పట్టి మెల్లగా వదులుతుంది. చలికాలంలో దాని కింద, గాజు బయటి వైపు, హీట్ మ్యాట్ అంటించి పెట్టెను చిన్న చెక్కల మీద ఎత్తండి. మ్యాట్‌కు, బల్లకు మధ్య గాలి ఆడకపోతే గాజు పగులుతుంది. మ్యాట్‌ను నేరుగా ప్లగ్గులో పెట్టడం అన్న మాటే వద్దు, మధ్యలో థర్మోస్టాట్ (పెట్టిన వేడి రాగానే కరెంటు ఆపేసేది) ఉండాలి. దాని ప్రోబ్ బండ మీద టేపుతో అంటి ఉండాలి. ప్రోబ్ జారి పక్కకు పడితే థర్మోస్టాట్ చల్లని గాలిని కొలుస్తూ మ్యాట్‌ను ఆపకుండా నడిపిస్తుంది, కింద ఉన్న జీవి పొట్ట కాలుతుంది. వోల్టేజీ ఎగుడుదిగుళ్లు ఉన్న వీధి అయితే స్టెబిలైజర్ కూడా పెట్టండి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు జనవరి రాత్రులు ఒంటి అంకెకు దిగుతాయి కాబట్టి అక్కడివాళ్లకు మ్యాట్ ఒక్కటే సరిపోదు. పైన వెలుగు లేకుండా వేడినిచ్చే సిరామిక్ హీటర్ ఒకటి, దాని చుట్టూ జాలీ పంజరం కావాలి. వెలుగునిచ్చే బల్బు రాత్రి వేయొద్దు.

ఏప్రిల్ రాగానే మ్యాట్ ప్లగ్గు పీకేయండి. గదే 35 ఉంటే మ్యాట్ ఎందుకు? ఇక చల్లని మూలను 30 దాటనీయకుండా ఆపడమే పని. ఒక లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, బట్టలో చుట్టి, చల్లని మూల గాజుకు బయట ఆనించండి. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి మార్చడానికి ఫ్రీజర్లో ఎప్పుడూ రెండు అదనంగా ఉండాలి. మూడు వైపులా తడి గోనెసంచి కట్టి దూరంగా ఫ్యాను పెడితే ఇంకా నాలుగు డిగ్రీలు దిగుతుంది. కానీ ఇది పొడి ఎండల్లోనే పనిచేస్తుంది. జులైలో ముసురు పట్టి గాలి తేమతో నిండితే తడి గోనె ఆరదు, చల్లబరచదు, బూజు మాత్రం పడుతుంది.

నేల, దాగుళ్లు

నల్లరేగడి వద్దు. తడిస్తే అంటుకుంటుంది, ఆరితే బీటలు వారుతుంది. చల్క మట్టి జల్లించి, ఎండలో నాలుగు రోజులు ఆరబోసి, రెండు వంతులు మట్టికి ఒక వంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపి మూడు అంగుళాల మందాన పరచండి. మట్టి తవ్వింది పత్తి చేను పక్కన కాకూడదు. కొత్తగా తెచ్చిన గెక్కోను మాత్రం మొదటి నెల కాగితం మీదే ఉంచండి. రెట్ట ఎట్లా ఉందో, తింటుందో లేదో చూడాలి కదా.

దాక్కునే చోట్లు మూడు కావాలి. వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, మధ్యలో తడి దాగుడు ఒకటి, దానికి కింద చెప్పే గుడ్ల డబ్బానే సరిపోతుంది. దుకాణంలో ప్లాస్టిక్ గుహలకు డబ్బులు పోయొద్దు. కుమ్మరి దగ్గర రెండు గురుగులు (చిన్న కుండలు), ఒక కంచుడు (వెడల్పు మట్టి గిన్నె) తీసుకోండి. గురుగు మూతిని ఒక పక్క పగలగొట్టి, గరుకు కాగితంతో అంచులు రుద్ది బోర్లిస్తే చక్కటి గుహ. కాల్చిన మట్టి నీళ్లు తాగి ఆవిరి వదులుతుంది కాబట్టి ఎండాకాలంలో లోపల రెండు మూడు డిగ్రీలు తక్కువే ఉంటుంది. కంచుట్లో నీళ్లు పోసి పెట్టండి, రోజూ మార్చండి. అడవి అందం కోసమని పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల నుంచి దుంగలు, బెరళ్లు ఏరుకు రావద్దు, అది నేరం. సామిల్లులో చింత కట్టె ముక్క అడిగితే ఇస్తారు. నీలగిరి కట్టె వద్దు, దాని నూనె ఘాటు.

గుడ్ల డబ్బా

అసలు విషయం ఇక్కడ ఉంది. మన గోడ బల్లి గుడ్లు గట్టి పెంకువి. కిటికీ సందులో, తలుపు వెనక పెట్టేసి పోతుంది, తేమ గురించి దానికి పట్టింపు లేదు. ఫ్యాట్ టెయిల్డ్ గెక్కో గుడ్డు అట్లా కాదు. పెంకు పలుచటి తోలులా మెత్తగా ఉంటుంది, బయటి తేమను తాగి ఉబ్బుతుంది, పొడిగాలి తగిలితే ఒక్క రాత్రిలో చొట్టపోయి ముడుచుకుంటుంది. తల్లికి ఈ సంగతి తెలుసు. అందుకే తడి మట్టి దొరికేదాకా తవ్వుతూనే ఉంటుంది. దొరకకపోతే కొన్నిసార్లు గుడ్లు ఆపుకుంటుంది, అది ప్రాణాల మీదికి వస్తుంది. కొన్నిసార్లు నీళ్ల కంచుట్లో పెట్టేస్తుంది, అవి మునిగి చెడిపోతాయి.

ఆడది లోపల ఒళ్లు తిప్పుకునేంత మూతగల ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. పారదర్శకంగా ఉంటే ముదురు కాగితం చుట్టండి, లోపల చీకటి కావాలి. పక్క గోడలో, కిందినుంచి నాలుగున్నర అంగుళాల ఎత్తులో, గుడ్లతో ఉన్న ఆడది దూరేంత రంధ్రం చేయండి, రెండున్నర అంగుళాలు చాలు. అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. లోపల నాలుగు అంగుళాల లోతున తడి కోకోపీట్ నింపండి. నర్సరీల్లో దొరికే కోకోపీట్ ఇటుకల్లో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పిండి వాడాలి. మీ దగ్గర స్ఫాగ్నమ్ మాస్ (తడిని పట్టి ఉంచే నాచు) ఉంటే పైన ఒక పొర వేయండి. లేకపోయినా పర్లేదు.

తడి ఎంత? పిడికెట్లో పట్టి పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ల మధ్య నుంచి నీటి చుక్క కారకూడదు. కారితే ఎక్కువ. ముద్ద విడిపోతే తక్కువ. రెండు మూడు రోజులకోసారి వేలు లోపలిదాకా దించి చూడండి, పైన ఆరినా అడుగున తడి ఉంటుంది, పైన చూసి నీళ్లు పోస్తే అడుగున బురద అవుతుంది.

డబ్బా ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. వెచ్చని మూలకు, చల్లని మూలకు మధ్యలో, లోపలి మట్టి 27 నుంచి 29 డిగ్రీలు ఉండేలా పెట్టండి. మరీ చల్లగా ఉంటే తల్లి నచ్చుకోదు, మరీ వేడిగా ఉంటే గుడ్లు ఉడుకుతాయి. ఇంకో కిటుకు: పెట్టె మొత్తంలో తడి నేల ఈ ఒక్కచోటే ఉండాలి. మిగతా నేల కూడా తడిగా ఉంటే గుడ్లు ఎక్కడో శాబాదు బండ కింద పెట్టేస్తుంది, మీరు వెతికేసరికి చెడిపోతాయి. వానాకాలంలో మట్టి తనంతట తానే తేమ పీలుస్తుంది కాబట్టి అప్పుడు నేల మీద నీళ్లు చల్లడం మానేయండి.

తిండి, సున్నపు ధాతువు

కీచురాళ్లు, మీల్‌వార్మ్‌లు (ఒక పెంకు పురుగు లార్వాలు), బొద్దింక జాతి డుబియాలు, ఏవైనా కొనుక్కున్నవీ, ఇంట్లో పెంచుకున్నవీ మాత్రమే. ఇక్కడ గట్టిగా చెప్పాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి, మిర్చి ఎన్నిసార్లు మందు కొట్టించుకుని వస్తాయో రైతు ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. ఆ చేన్లల్లో పట్టిన మిడత ఆ మందును మోసుకొస్తుంది. మిణుగురులు అసలు వద్దు, ఒక్కటి తిన్నా బల్లి జాతికి ప్రాణాంతకం కావచ్చు. పురుగులకు ముందురోజు మునగాకు, గుమ్మడి ముక్క, క్యారెట్ పెట్టండి, అదే గెక్కో కడుపులోకి చేరుతుంది.

గుడ్ల కాలంలో ఆడదానికి రోజు విడిచి రోజు ఐదారు పురుగులు పెట్టండి. ప్రతిసారీ ఫాస్ఫరస్ కలవని కాల్షియం పొడిలో దొర్లించాలి, వారానికి ఒకసారి విటమిన్ డి3 కలిసిన పొడి. పెట్టెలో ఒక సీసా మూతలో ఉత్త కాల్షియం పొడి ఎప్పుడూ ఉండాలి, కావాలంటే నాకుతుంది. పాన్ డబ్బాలోని సున్నం కూడా కాల్షియమే కదా అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది నోరు కాలుస్తుంది. మెడికల్ షాపు మాత్రలు దంచి పెట్టడం కూడా వద్దు, వాటిలో డి3 మనిషి లెక్కలో ఉంటుంది. కాల్షియం తక్కువైతే దవడ మెత్తబడుతుంది, కాళ్లు వణుకుతాయి, చివరికి గుడ్లు బయటికి తోసే బలం కూడా ఉండదు.

ఎప్పుడు జత కలపాలి

28 డిగ్రీల దగ్గర గుడ్డు పిల్ల కావడానికి రెండు నెలల పైన పడుతుంది. మన దగ్గర గది 28 దాటకుండా ఉండేది నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా. వేడెక్కించే ఇంక్యుబేటర్ ఎవరైనా చేసుకోవచ్చు, చల్లబరిచేది కొనాలంటే ఖర్చు. కాబట్టి కాలాన్నే ఇంక్యుబేటర్‌లా వాడుకోవాలి. బతుకమ్మ, దసరా అయిపోయి రాత్రులు చల్లబడగానే మగదాన్ని ఆడదాని పెట్టెలోకి సాయంత్రం పూట వదలండి. మగది తోక కదిలిస్తూ దగ్గరికి వస్తుంది, మెడ పట్టుకుంటుంది. ఆడది ఒప్పుకోకపోతే గట్టిగా అరిచి కరుస్తుంది, అప్పుడు తీసేసి వారం తర్వాత మళ్లీ చూడండి. కలిశాక మగదాన్ని తీసేయండి. ఆడది వీర్యాన్ని నిల్వ చేసుకుంటుంది కాబట్టి ఒక్క కలయిక తర్వాత కూడా వరసగా ఈతలు వస్తాయి, మగదాన్ని మళ్లీ మళ్లీ వదలాల్సిన పని లేదు.

మొదటి గుడ్లు నెలా నెలన్నరకు, ఆ తర్వాత మూడు నుంచి ఐదు వారాలకో జత. ఫిబ్రవరి మధ్య దాకా పెట్టినవి పొదిగించండి, ఏప్రిల్ చివరలోగా పిల్లలు బయటపడతాయి. ఆ తర్వాత వచ్చిన గుడ్లను పెట్టిన రోజే ఫ్రీజర్‌లో వేసేయమంటాను. 40 డిగ్రీల ఎండలో కరెంటు పోయిన మధ్యాహ్నం సగం పెరిగిన పిండం చచ్చిపోవడం కన్నా అదే నయం. తోక పలచబడితే ఈతలు ఇంకా వస్తున్నా ఆ ఏడాదికి అంతే, మళ్లీ ఏడాది జత మానేయండి.

గుడ్లు వచ్చే గుర్తులు, తీసే పద్ధతి

పొట్ట పలుచటి చర్మం కింద రెండు తెల్లటి గుండ్రాలు ఫోన్ వెలుగులో కనిపిస్తాయి. పెట్టడానికి కొన్ని రోజుల ముందు తిండి తగ్గుతుంది, రాత్రుళ్లు డబ్బాలో మట్టి చిమ్ముతుంది. అప్పటినుంచి పొద్దున, సాయంత్రం డబ్బా మూత తీసి చూడండి. సంక్రాంతికి ఊరెళ్లినా, మేడారం జాతరకు నాలుగు రోజులు పోయినా ఇంట్లో ఒకరికి ఈ పని అప్పజెప్పాలి. గుడ్లు పెట్టాక పొట్ట పక్కల చర్మం ముడతలు పడుతుంది, చూడగానే తెలుస్తుంది.

గుడ్డు ఎట్లా పడి ఉందో అట్లాగే, మెత్తటి పెన్సిల్‌తో పైన చిన్న గుర్తు పెట్టి, చెంచాతో అడుగునుంచి మట్టితో సహా ఎత్తండి. కోడిగుడ్లను కోడి తిప్పుతుంది, వీటిని తిప్పొద్దు. మొదటి రోజుల్లోనే పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుంది, తలకిందులైతే చచ్చిపోతుంది. రెండూ అతుక్కుని ఉంటే విడదీయొద్దు. గుడ్లు పెట్టిన తల్లికి ఆ రాత్రే నీళ్లు, కాల్షియం దండిగా పట్టించిన పురుగులు ఇవ్వండి.

రెండు మూడు రోజులు తవ్వుతూ ఉండి గుడ్లు పెట్టకపోతే, వెనక కాళ్లు లాగుతుంటే, కళ్లు లోపలికి పోయి మందంగా పడి ఉంటే ఇక వేచి చూడొద్దు, అది గుడ్డు అడ్డం పడ్డ లక్షణం. పొట్ట నొక్కడం, నూనె రాయడం లాంటివి చేయొద్దు. వరంగల్ పక్క మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. సరీసృపాలను చూసే డాక్టర్ ఉన్నారా అని జత కలపకముందే ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే హైదరాబాద్‌లో ఎవరి దగ్గరికి పోవాలో రాసి పెట్టుకోండి. అర్ధరాత్రి వెతుక్కునే పని కాదిది.

పొదిగించడం

నర్సరీలో వర్మిక్యులైట్ (తేమను పట్టి ఉంచే ఖనిజపు పలుకులు) తెచ్చుకుని, తూకంలో దానికి సమానంగా నీళ్లు కలపండి. 100 గ్రాములకు 100 గ్రాములు. అర లీటరు మూత డబ్బాలో రెండు అంగుళాలు పోసి, వేలితో గుంట చేసి గుడ్డును సగం దిగేలా కూర్చోబెట్టండి. మూతకు సూదితో రెండు రంధ్రాలు చాలు. డబ్బా మొత్తాన్ని తూచి ఆ బరువు, తేదీ మూత మీద రాయండి. వారానికోసారి మళ్లీ తూచి, ఎంత తగ్గితే అంత నీరు, గుడ్డు మీద పడకుండా అంచుల వెంబడి పోయండి. తడి చాలిందా లేదా అని ఊహించే పని ఉండదు.

ఇంక్యుబేటర్‌కు చేపలు, మందులు వచ్చే థర్మాకోల్ పెట్టె సరిపోతుంది. అడుగున నాలుగు అంగుళాల నీళ్లు, అందులో 50 వాట్ల అక్వేరియం హీటర్, నీళ్లపైకి వచ్చేలా నిలబెట్టిన రెండు ఇటుకలు, వాటి మీద గుడ్ల డబ్బా. థర్మోస్టాట్ ప్రోబ్ గుడ్ల డబ్బా లోపల ఉండాలి, నీళ్లలో కాదు. మూతను కాస్త ఏటవాలుగా పెడితే ఆవిరి చుక్కలు పక్కకు జారుతాయి, గుడ్ల మీద పడవు. కరెంటు పోయినా ఆ నీళ్లు కొన్ని గంటలు వేడిని పట్టి ఉంచుతాయి. హీటర్ మునిగి ఉందో లేదో వారానికోసారి చూడండి, నీళ్లు తగ్గి బయటపడితే పగులుతుంది.

ఎంత వేడి పెడితే అంత తొందరగా పొదుగుతాయి, కానీ ఆడా మగా తేల్చేది కూడా ఆ వేడే. 28, 29 దగ్గర ఎక్కువగా ఆడవి, 31, 32 దగ్గర ఎక్కువగా మగవి పుడతాయి. 34 దాటితే వంకర పిల్లలు. మగవాటికి ఒక్కోదానికి ఒక్కో పెట్టె కావాలి, కొనేవాళ్లూ తక్కువ. కాబట్టి 28.5 పెట్టి వదిలేయండి.

పది రోజులయ్యాక చీకటి గదిలో ఫోన్ టార్చి గుడ్డు పక్కన ఆనించి చూడండి, ఎత్తొద్దు. గులాబి రంగు, సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తే జీవం ఉన్నట్టు. పసుపుగా, ఖాళీగా ఉంటే ఉత్తది, బూజు పట్టే లోపు తీసేయండి. మధ్యలో చొట్టపడితే తేమ తగ్గిందన్నమాట. ఆఖరి రోజుల్లో చొట్టపడి, పైన చెమట బిందువులు వస్తే మాత్రం కంగారు పడొద్దు, పిల్ల వచ్చే వేళయింది.

పిల్లలు

ముక్కు మీది చిన్న పంటితో పెంకు చీల్చి, తల బయటపెట్టి గంటల తరబడి అట్లాగే ఉండిపోతుంది. లోపలి పచ్చసొన ఒంట్లోకి లాక్కుంటోంది, లాగొద్దు. పూర్తిగా బయటికి వచ్చాక అడుగు పొడవు డబ్బాలో తడిపి పిండిన టిష్యూ పేపర్ మీద, ఒక్కో దాన్ని విడిగా వేయండి. సీసా మూతలో నీళ్లు, చిన్న తడి దాగుడు. వేడి 28 నుంచి 30. మూడు నాలుగు గ్రాముల జీవి, మూడు రోజుల్లోపు మొదటి కుబుసం విడిచి అదే తింటుంది. ఆ తర్వాతే తిండి, కళ్ల మధ్య దూరం కన్నా చిన్న కీచురాళ్లు, రోజూ. డబ్బాలన్నీ నీళ్ల పళ్లెంలో నిలబెట్టిన స్టాండు మీదే ఉంచండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, సాల్మొనెల్లా వీటి ఒంటి మీద ఉంటుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే మరీ.

10 గ్రాములు దాటి, సొంతంగా తింటూ, తోక నిండాకే ఎవరికైనా ఇవ్వండి. ఏప్రిల్‌లో పుట్టినవి ఆ బరువుకు వచ్చేసరికి మృగశిర కార్తె దాటి ఎండ దిగుతుంది. కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పంపాలంటే చిన్న డబ్బాలో తడి టిష్యూ వేసి, మూతకు రంధ్రాలు చేసి, ఆ డబ్బాను థర్మాకోల్ పెట్టెలో పెట్టి, తెల్లవారుజామున మొదటి బస్సుకు మీరే తీసుకుపోండి. పార్సిల్లో వేయొద్దు, డిక్కీలో పెట్టొద్దు, ఒళ్లో పెట్టుకోండి. కొన్నవాళ్లకు పుట్టిన తేదీ, పొదిగిన డిగ్రీలు, తల్లిదండ్రుల బిల్లు నకలు ఇవ్వండి. ఆ పొదిగిన వేడిని బట్టే పిల్ల ఆడదో మగదో వాళ్లు కొన్ని నెలల ముందే అంచనా వేసుకుంటారు.